పొర మందమైతే గర్భసంచి తీసెయ్యాలా?

"తీయించుకోకపోతే క్యాన్సర్ అవుతుంది." గర్భసంచి పోగొట్టుకున్న స్త్రీలతో మాట్లాడినప్పుడల్లా నేను వింటున్న మాట ఇది. స్కానింగులో పొర మందంగా ఉందన్నారు, అంతే!

హైపర్‌ప్లేసియా అంటే గర్భసంచి లోపలి పొరలో కణాలు అతిగా పెరగడం. అది క్యాన్సర్ కాదు. స్కానింగు మందాన్ని చూపిస్తుంది గానీ కణాల తీరు చెప్పలేదు. అందుకు పొర ముక్క తీసి బయాప్సీ చెయ్యాలి. కణాల రూపం మారకపోతే ఇరవై ఏళ్ళలో క్యాన్సర్ వచ్చేది నూటికి 5 మందికన్నా తక్కువకే. ప్రొజెస్టిరాన్ మందులతో చాలామందికి తగ్గిపోతుంది. రూపం మారితే, అంటే ఎటిపియా ఉంటే, ప్రమాదం నిజమైనదే. అప్పుడు ఆపరేషన్ సలహాను నేనూ తప్పుపట్టను. కానీ ఈ తేడా చెప్పకుండా తీసుకున్న సంతకం అంగీకారం ఎలా అవుతుంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీసేసిన స్త్రీలు దేశం మొత్తమ్మీద 3.3 శాతం, తెలంగాణలో 8.2, ఆంధ్రప్రదేశ్‌లో 8.7. మన ఆడవాళ్ళ గర్భసంచులకే ఇంత రోగమా? పిల్లలు పుట్టేశాక ఇంకెందుకు అనే మాట ఇంట్లోనూ, ఆసుపత్రిలోనూ ఒకటే.

సంఘాల్లో పనిచేసే మనం ఆపరేషన్‌కు ముందే అడగాలి: బయాప్సీ చేశారా? రిపోర్టులో ఎటిపియా ఉందా? ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనబడితే మాత్రం ఆ పరీక్ష అస్సలు వాయిదా వెయ్యకూడదు.