డబ్బా కొంటే లెక్కలు రావు

2000లో గుజరాత్ సర్కారు వడోదరలోని 100 మున్సిపల్ బళ్లకు తలా నాలుగు కంప్యూటర్లు పంచింది. రెండేళ్ల తర్వాత ప్రథమ్ సంస్థ పోయి చూస్తే చాలావరకు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. నడిపే మనిషి లేడు. కొన్నయితే సార్ల చేతికో, అధికారుల చేతికో పోయినట్టు కనిపించింది.

ఈ కథ మనకేమన్నా కొత్తా? ఉమ్మడి రాష్ట్రంలో 2008లో 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబులు పెట్టి, ఐదేళ్ల కాంట్రాక్టుకు ప్రైవేటు ఏజెన్సీలకు అప్పజెప్పారు. 2013లో గడువు తీరింది. చాలాచోట్ల ల్యాబులకు తాళాలు పడ్డాయి. చాలీచాలని జీతానికి చాకిరీ చేసిన బోధకులు రోడ్డున పడ్డారు. ఆ ఐదేళ్లలో ఏ పిల్లవానికి ఎన్ని లెక్కలు వచ్చాయో అడిగిన నాథుడు లేడు.

వడోదరలో మాత్రం అడిగారు. పెట్టెలు విప్పి, నాలుగో తరగతి పిల్లలను కంప్యూటర్‌కు ఇద్దరేసి చొప్పున వారానికి రెండు గంటలు లెక్కల ఆటలకు కూర్చోబెట్టారు. కొన్ని బళ్లలో పెట్టి, కొన్నింట్లో పెట్టకుండా పోల్చి చూశారు. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలు తమ సహచరులతో కలిసి 2007లో ఆ ఫలితాలు అచ్చేశారు. లెక్కల్లో పిల్లలు బాగా ముందుకు పోయారు. కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలా భాగం కరిగిపోయింది. ఆ సంగతీ దాచలేదు.

అసలు పాఠం తర్వాత వచ్చింది. ఆ బృందంలోని లీ లిండెన్ గుజరాత్‌లోనే జ్ఞాన్‌శాల బళ్లలో ఒకే కార్యక్రమాన్ని రెండు తీర్ల పెట్టి చూశాడు. బడి వేళలో టీచర్ పాఠం తప్పించి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టిన పిల్లలు వెనకబడ్డారు, అదీ కొంచెం కాదు. బడి అయ్యాక అదనంగా కూర్చున్న పిల్లలు ముందుకు పోయారు. అదే డబ్బా, అవే లెక్కలు. టీచర్‌కు తోడుగా పెడితే చదువు, టీచర్ జాగలో పెడితే నష్టం.

ఢిల్లీలో 2015లో 619 మంది పిల్లలతో జరిగిన మైండ్‌స్పార్క్ పరిశోధనలోనూ రోజూ 90 నిమిషాల్లో సగమే కంప్యూటర్. మిగతా సగం చిన్న గుంపుకు మనిషే చెప్పాడు. పైగా ఆ సాఫ్ట్‌వేర్ పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని చూడలేదు, వానికి నిజంగా ఎంత వచ్చో అక్కడి నుంచి మొదలుపెట్టింది. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో తేడా కనిపించింది. భాగాహారం రాని పొల్లగానికి గోడ మీద పెద్ద తెరపెట్టి బీజగణితం చూపిస్తే ఏం లాభం?

మన గడపలోకే వచ్చిన పని కూడా ఒకటుంది. టాటా ట్రస్టుల నిధులతో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ కలిసి నడిపిన క్లిక్స్ కార్యక్రమానికి ఎంచుకున్న నాలుగు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఉన్నత పాఠశాలలకు గణితం, సైన్సు, ఇంగ్లిష్ పాఠాలు. ఇంటర్నెట్ లేకున్నా బడి కంప్యూటర్ మీదే నడిచేట్టు చేశారు, తెలుగులోనూ తయారుచేశారు, సార్లకు శిక్షణ కూడా అందులో భాగమే. 2017 సంవత్సరానికి యునెస్కో బహుమతి కూడా దక్కింది. బహుమతి సంగతి అట్లుంచితే, మన పిల్లల మీద జరిగిన ఆ పని నుంచి మన విద్యాశాఖ ఏం నేర్చుకున్నదో తెలుగులో ఒక పుస్తకం వేసి ప్రతి బడికీ పంపాలి.

2022లో మొదలైన ‘మన ఊరు - మన బడి’ పన్నెండు అంశాల్లో డిజిటల్ తరగతి గది ఒకటి. పేరు ఏదైనా, ఏ ప్రభుత్వమైనా, ఇటువంటి పథకంలో టెండరు ముందు, పరీక్ష తర్వాత అన్నట్టుంటుంది. అమెరికాలో చట్టసభే ఆదేశించి, సర్కారు సొమ్ముతో 132 బళ్లలో చదువు, గణితం సాఫ్ట్‌వేర్‌లను పరీక్షింపజేసింది. మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా లేదని 2007లో ప్రజల ముందు పెట్టింది. అమ్మే కంపెనీ చూపించే బొమ్మల పుస్తకాన్ని నమ్ముకోలేదు.

ఉపాధ్యాయ సంఘాలు, విద్యార్థి సంఘాలు ఆ తీరు పరీక్షనే ఇక్కడా అడగాలి. కొనే ముందు కొన్ని బళ్లలో పెట్టి చూడండి, కంపెనీకి సంబంధం లేని వాళ్లతో కొలిపించండి, ఫలితం ఎట్లున్నా బయటపెట్టండి అని. లెక్కల సారు పోస్టు ఖాళీగా ఉంచి, గోడకు తెర బిగించాం కదా అనే అధికారి ఎదురైతే జ్ఞాన్‌శాల ఫలితం ఆయన బల్ల మీద పెట్టి జవాబు అడగండి.