గ్రూపు ఎంపిక కూడా రైతు సమస్యే



పదో తరగతి పరీక్షలు మొదలు కాకముందే కాలేజీల మనుషులు మన ఊళ్ళలో దిగుతారు. చేతిలో రంగు కాగితాలు, నోట్లో ర్యాంకులు. మిరప కల్లం దగ్గరికే వచ్చి కూర్చుంటారు. "మీ వాణ్ణి ఎంపీసీలో చేర్చండి, మిగతాది మేం చూసుకుంటాం" అంటారు. మన చేతికి పంట డబ్బు ఎప్పుడు వస్తుందో ఎరువుల కొట్టువాడి తర్వాత బాగా తెలిసింది వాళ్ళకే.

మా పక్క ఊళ్ళో ఒక కౌలు రైతు కిందటేడు ఇలాగే మాటిచ్చేశాడు. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, కొడుకును పట్నంలో హాస్టలు కాలేజీలో వేశాడు. ఆ పిల్లవాడికి లెక్కలంటే భయం. గొడ్లంటే మాత్రం ప్రాణం. గేదె ఈనే రోజు రాత్రంతా కొట్టంలోనే ఉండే రకం. బైపీసీ అనేది ఒకటుందనీ, అది చదివితే పశువుల డాక్టరు అయ్యే దారి ఉందనీ ఆ ఇంట్లో చెప్పినవాళ్ళు లేరు. దసరా సెలవులకు వచ్చిన పిల్లవాడు మళ్ళీ వెళ్ళలేదు. కట్టిన ఫీజు వెనక్కి రాలేదు. వడ్డీ మాత్రం ఆగలేదు.

ఇందులో తప్పంతా ఆ తండ్రిదేనా? విత్తనం నకిలీదైతే ధర్నాకు కూర్చుంటాం. యూరియా దొరక్కపోతే రోడ్డెక్కుతాం. పిల్లల చదువు దగ్గరికి వచ్చేసరికి "అది ఎవరింటి సంగతి వాళ్ళది" అని ఊరుకుంటున్నాం. అప్పు మన నెత్తిన పడేది, ఎకరం అమ్ముడుపోయేది అక్కడే అయినప్పుడు అది రైతు సమస్య ఎందుకు కాదు?

మాలో చాలామందిమి పదో తరగతితోనే ఆగినవాళ్ళం. సైన్సు రాకపోతే జరిగే నష్టమేమిటో చేలో నిలబడి తెలుసుకున్నాం. యూరియా బస్తా 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం. అంటే బస్తాకు 20 కిలోల పైచిలుకు. డీఏపీ మీద 18-46-0 అని ఉంటుంది. ఈ అంకెలు చూసి, భూసార పరీక్ష కాగితం చూసి ఎరువు వేసేవాళ్ళం ఎంతమందిమి? పురుగుమందు డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. అది తెలియక గుడ్డ కూడా కట్టుకోకుండా కొట్టి ఆసుపత్రి పాలైనవాళ్ళను మోసుకెళ్ళాం. కొట్టువాడు ఇచ్చిందే మందు, చెప్పిందే మోతాదు. ఆ కొట్లవాళ్ళ కోసం హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. మంచిదే. అమ్మేవాడికి చదువు కావలసి వచ్చినప్పుడు కొనేవాడికి అక్కర్లేదా?

మనం నాటే సాంబా మసూరి బాపట్లలో పుట్టింది. స్వర్ణ మారుటేరులో పుట్టింది. రెండూ ప్రభుత్వ పరిశోధన కేంద్రాలే. అలాంటి చోట్ల కూర్చునేవాళ్ళలో మడిలో దిగి నాట్లు వేసిన ఇళ్ళ పిల్లలు ఉండాలి. పదో తరగతి అయ్యాక మనం తీసుకునే ఒక్క నిర్ణయంతో ఆ దారి తెరుచుకుంటుంది, లేదా మూసుకుపోతుంది.

దారులేమిటో సూటిగా చెబుతాం. బైపీసీ చదివి పోటీ పరీక్షలో ర్యాంకు తెచ్చుకుంటే డాక్టరు చదువు ఒక్కటే కాదు, వ్యవసాయం, ఉద్యానం, పశువైద్యం, మత్స్యశాస్త్రం ఉన్నాయి. ఎంపీసీ చదివితే వ్యవసాయ ఇంజినీరింగు ఉంది. ఇంటర్ వద్దనుకుంటే, పదో తరగతి మీదే రెండేళ్ళ వ్యవసాయ డిప్లొమా ఉంది. అది పూర్తిచేసి అగ్రిసెట్ రాస్తే వ్యవసాయ బీఎస్సీలో చేరవచ్చు. వ్యవసాయ విశ్వవిద్యాలయం సీట్లలో 40 శాతం రైతు కోటా ఉంది. మునిసిపాలిటీ కాని చోట కనీసం నాలుగేళ్ళు చదివి ఉండాలి, కుటుంబానికి కనీసం ఎకరం పొలం ఉండాలి. సీఈసీ, హెచ్ఈసీ చెడ్డవని మేము అనడం లేదు. మనకు లాయర్లు, ఆడిటర్లు కూడా కావాలి. కానీ వాటిలో చేరాక వెనక్కి వచ్చి సైన్సు కోర్సులు పట్టుకోవడం కష్టం. తెలిసి వదులుకుంటే సరే. తెలియక పోగొట్టుకోకూడదు.

ఇక సర్కారు సంగతి. మా మండలం జూనియర్ కాలేజీ బోర్డు మీద బైపీసీ ఉంది. బోటనీ చెప్పే లెక్చరరు రెండేళ్ళుగా లేరు. ల్యాబు గదికి తాళం. ప్రాక్టికల్ పరీక్ష నాడే పిల్లలు మొదటిసారి మైక్రోస్కోపు చూస్తున్నారు. సైన్సులో స్కూలు ఫస్టు వచ్చిన ఆడపిల్ల ఒకతె, పట్నం హాస్టలుకు పంపే స్తోమత ఇంట్లో లేక సీఈసీలో చేరింది. బైపీసీలో ఎవరూ చేరడం లేదు కాబట్టి పోస్టు అక్కర్లేదని రేపు పైవాళ్ళు రాసుకుంటారు. చెప్పేవాళ్ళు లేనిచోట చేరేవాళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు?

రైతు కోటాలోనూ మెలిక ఉంది. భూమి ఎవరి పేరున ఉందో చూస్తారు, ఎవరు దున్నుతున్నారో చూడరు. చేలో ఏనాడూ అడుగుపెట్టని ఆసామి బిడ్డ రైతు బిడ్డ అవుతాడు. ఆ చేనే సాగుచేసే కౌలుదారు బిడ్డ కాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు కార్డు ఇస్తున్నారు. పంట అప్పుకు అడగమన్న కార్డు పిల్లల చదువుకు ఎందుకు పనికిరాదు?

1930లలో నిడుబ్రోలులో ఎన్.జి. రంగా గారు రైతాంగ విద్యాలయం నడిపి రైతు యువకులకు పాఠాలు చెప్పించారు. చదువు కూడా ఉద్యమం పనేనని ఆనాటివాళ్ళు అనుకున్నారు. మనం ఆయన పేరు విశ్వవిద్యాలయం గేటు మీద చూసి దండం పెట్టి వచ్చేస్తున్నాం.

అందుకే మేము అడుగుతున్నాం. ప్రతి మండలం ప్రభుత్వ కాలేజీలో కాలేజీ తెరిచేనాటికే సైన్సు లెక్చరర్లందరూ ఉండాలి, ల్యాబు తాళం తీయాలి. కౌలు కార్డు ఉన్న రైతు బిడ్డకూ, పొలం లేని కూలీ బిడ్డకూ వ్యవసాయ కోర్సుల్లో న్యాయమైన వాటా ఇవ్వాలి. ఫీజు ఎంత, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు అన్నది ప్రైవేటు కాలేజీలు కాగితం మీద రాసివ్వాలి.

సంఘం చేయవలసిన పని కూడా ఉంది. సంక్రాంతి పండుగ కాగానే ప్రతి గ్రామ కమిటీ పదో తరగతి పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ ఒక సాయంత్రం కూర్చోబెట్టాలి. స్కూలు సైన్సు మాస్టారినీ, మండల వ్యవసాయాధికారినీ పిలవాలి. ముందుగా పిల్లలనే మాట్లాడనివ్వాలి. ప్రైవేటు వ్యవసాయ కాలేజీ అని ఎవరైనా వస్తే, ఐసీఏఆర్ గుర్తింపు కాగితం చూపించమని అడగాలి.

విత్తనం కొనేటప్పుడు బిల్లు అడగండి, సంచి మీద లాటు నంబరు చూడండి అని ఇన్నేళ్ళుగా చెప్పుకుంటున్నాం. బిడ్డ చదువు దగ్గర కూడా అంత జాగ్రత్త పడదాం. కల్లం దగ్గరికి వచ్చినవాడికి వెంటనే మాటివ్వకండి. ముందు కమిటీకి కబురు పెట్టండి.