ఒక్క రోజు సమానత్వం

జంషెట్‌జీ టాటా 1902లో కుమారుడు దొరాబ్జీకి రాసిన ఉత్తరంలో, అప్పటికింకా పుట్టని ఉక్కు నగరానికి రూపురేఖలు గీశారు. వెడల్పాటి వీధులు, త్వరగా ఎదిగే నీడచెట్లు, తోటలు, ఫుట్‌బాల్‌కూ హాకీకీ విశాలమైన మైదానాలు, గుళ్లు, మసీదులు, చర్చిలు... అన్నీ అందులో ఉన్నాయి. గోల్ఫ్ మాత్రం లేదు. కానీ ఈనాటి జంషెడ్‌పూర్‌కు ఒకటి కాదు, రెండు గోల్ఫ్ కోర్సులున్నాయి: బెల్డీ, గోల్‌మురి. 2006లో మొదలైన ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా తన సీజన్ ముగింపు పోటీని ఇటీవలి సంవత్సరాల్లో ఇక్కడే నిర్వహిస్తోంది. తొమ్మిది గుంతలు ఒకచోట ఆడి, కారెక్కి రెండో కోర్సుకు వెళ్లి మిగతా తొమ్మిది ఆడటం ఈ ఊరి ప్రత్యేకత.

ఇలాంటి పోటీలను అంటిపెట్టుకుని వచ్చే తంతు ప్రో-యామ్. ఒక ప్రొఫెషనల్, ముగ్గురు ఔత్సాహికులు కలిసి ఒక జట్టు. ఆ ముగ్గురూ సాధారణంగా స్పాన్సర్ కంపెనీ అధికారులో, వారి ఖాతాదారులో, ఊరి ప్రముఖులో అయి ఉంటారు. గాయకుడు, నటుడు బింగ్ క్రాస్బీ 1937లో కాలిఫోర్నియాలో ప్రారంభించిన పోటీ ఈ సంప్రదాయానికి ప్రపంచవ్యాప్త ప్రాచుర్యం తెచ్చింది. పెబుల్ బీచ్‌లో అది ఇప్పటికీ జరుగుతోంది. సచిన్‌తో కలిసి ఓపెనింగ్‌కు దిగే అవకాశం ఏ బ్యాంకు మేనేజరుకూ రాదు. గోల్ఫ్‌లో మాత్రం అలాంటిది సాధ్యం.

దాన్ని సాధ్యం చేసేది హ్యాండీక్యాప్. గోల్ఫ్ ప్రపంచానికిచ్చిన అసలు కానుక అదే. 72 స్ట్రోకుల్లో పూర్తి చేయాల్సిన కోర్సును ఒకాయన మామూలుగా 90 స్ట్రోకుల్లో ముగిస్తాడనుకుందాం. ఆయన స్కోరులోంచి 18 తీసేస్తారు. అంటే ఆ రోజు 90 కొట్టిన గుమాస్తా, 72 కొట్టిన నిపుణుడు లెక్కలో సమానమే. బలహీనుడు కొంత వెసులుబాటుతో మొదలుపెడితేనే పోటీ న్యాయమవుతుందన్నది ఇందులోని సూత్రం. ఆ వెసులుబాటును శాశ్వత దానంగా ఇవ్వరు. ఆట మెరుగుపడేకొద్దీ అది తగ్గుతుంది. ఎవరికెంత అన్నది తేల్చడానికి 2020లో ప్రపంచమంతటికీ ఒకే విధానం కూడా తెచ్చారు.

రాజనీతిశాస్త్రం తరగతిలో సమాన అవకాశాల గురించి చెప్పడానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ దొరకదు. విచిత్రమేమిటంటే, రిజర్వేషన్ల మాటెత్తగానే 'ప్రతిభ ఏమైపోవాలి' అని నిట్టూర్చేవారికి క్లబ్బు వరండాల్లో కొదవుండదు. వారే తమ 18 స్ట్రోకుల రాయితీని ఏ జంకూ లేకుండా కార్డు మీద రాసుకుంటారు. రాయించుకోవడం తప్పని ఎవరూ అనరు. అది ఆట నియమం. మైదానంలో అర్థమైన నియమం గేటు బయట ఎందుకు అర్థం కాదన్నదే ప్రశ్న.

అయితే హ్యాండీక్యాప్ లెక్క మొదలవ్వాలంటే ముందు ఆడాలి. ఆడాలంటే కోర్సులోకి ప్రవేశం కావాలి. అక్కడ మొదలవుతుంది అసలు తేడా. బ్యాగు భుజాన వేసుకుని ఆటగాడి వెంట నడిచే క్యాడీకి ఏ వాలులో బంతి ఎటు దొర్లుతుందో, గాలి ఎటు వీస్తే ఏ కర్ర తీయాలో కంఠతా వచ్చు. యజమాని పట్ కొట్టే ముందు అడిగేది అతన్నే. కానీ స్కోరు కార్డులో అతనికి గడి లేదు.

ఆ గడి దొరికినప్పుడు ఏం జరిగిందో భారత గోల్ఫ్ చరిత్రే చెబుతుంది. ఇండియన్ ఓపెన్‌ను గెలుచుకున్న తొలి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ ఢిల్లీలో క్యాడీగా పనిచేసినవాడు. ఆ విజయం 1991లో. రెండేళ్లకు మళ్లీ గెలిచాడు. 1829లో పుట్టిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చిక సంరక్షించే ఉద్యోగి కొడుకు ఎస్.ఎస్.పి. చౌరాసియా 2008లో ఇండియన్ మాస్టర్స్, 2016, 2017లో వరుసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు. పద్ధతిగా శిక్షణ ఇప్పించే స్తోమత అతని ఇంటికి లేదు. కోర్సు పక్కన పెరగడమే అతని చదువు.

ప్రో-యామ్‌ను ధనవంతుల విలాసమని కొట్టిపారేయడం తేలికే కానీ సరికాదు. టూర్ నడిచేది స్పాన్సర్ల డబ్బుతో. కోటి రూపాయల పోటీలో విజేతకు దాదాపు 15 లక్షలు వస్తే, సగం ఆట తర్వాత కోతలో పోయినవారికి పైసా రాదు. రైలు ఖర్చు, గది అద్దె, క్యాడీ కూలి మాత్రం తప్పవు. అలాంటి ఆటగాడికి ప్రో-యామ్‌లో పరిచయమయ్యే అధికారి రేపటి స్పాన్సర్ కావచ్చు. నాలుగు గంటలు పక్కపక్కన నడిస్తే ఏర్పడే చనువు ఏ దరఖాస్తుతోనూ రాదు. కాబట్టి ఆ నడక ఎవరికి దక్కుతోందన్నది చిన్న విషయం కాదు.

ఆ చనువును పంచడం జంషెడ్‌పూర్‌కు కొత్త విద్యేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖల నుంచి వలసవెళ్లిన కార్మికులు బిష్టుపూర్‌లో రాముడి గుడి కట్టుకుని స్థిరపడ్డ ఊరు అది. రాంచీ దగ్గర ఆటో డ్రైవర్ కూతురు దీపికా కుమారి 2008లో అక్కడి టాటా ఆర్చరీ అకాడమీలో చేరి ప్రపంచ నంబర్ వన్ విలుకత్తె అయింది. అకాడమీ ఆమెను అడిగింది గురి కుదురుతుందా అనే కానీ, నాన్న ఏ క్లబ్బు సభ్యుడని కాదు.

గోల్ఫ్‌లోనూ అదే కొలబద్ద పెట్టడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ప్రతి ప్రో-యామ్ జట్టులో ముగ్గురు ఔత్సాహికులుంటారు. ఆ మూడు చోట్లలో ఒకటి క్యాడీకో, క్యాడీ ఇంటి పిల్లకో, గోడ బయటి బస్తీ కుర్రాడికో కేటాయించాలి. హ్యాండీక్యాప్ ఎంతో లెక్కగట్టి కార్డు చేతికివ్వాలి. అధికారికి ఒక రోజు ఆట తగ్గుతుంది. అవతలివాడికి ఒక రోజు ఆట దొరుకుతుంది. ఆ రెండింటి విలువ సమానం కాదని గోల్ఫ్ ఆడేవారికి ఎవరూ వివరించనక్కర్లేదు.