పియానో మూతపడలేదు

సాయంత్రం గోపన్‌పల్లిలో ఏ అపార్ట్‌మెంట్ పక్కనుంచి నడిచినా, ఏదో ఒక అంతస్తులోంచి కీబోర్డు వినిపిస్తుంది. ఓ పాప లండన్ బోర్డువారి గ్రేడ్ పరీక్షకు సాధన చేస్తుంటుంది. అలాంటి పరీక్షలు పెట్టే రాయల్ స్కూల్స్ బోర్డును 1889లో స్థాపించిన రెండు సంస్థల్లో రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ ఒకటి. అంతకు 45 ఏళ్ల ముందే ఆ అకాడమీలో, ఇరవై నిండని ఒకమ్మాయి పాఠాలు చెప్పింది. ఆమె పేరు కేట్ లోడర్.

కేట్ 1825లో ఇంగ్లండులోని బాత్ పట్టణంలో, సంగీత కుటుంబంలో పుట్టింది. పదమూడో ఏట అకాడమీలో చేరింది. 1844లో అక్కడే హార్మనీ ప్రొఫెసరైంది. ఆడవాళ్లలో ఆ ఉద్యోగం మొదట దక్కింది ఆమెకే. హార్మనీ అంటే ఒకేసారి మోగే స్వరాలను పొందికగా కూర్చే విద్య. మనకు రాగం ఎంతో, వాళ్లకు అది అంత. మరోపక్క కచేరీలు చేసేది, సొంతంగా సంగీతం రాసేది.

1851లో హెన్రీ థాంప్సన్ అనే సర్జన్‌తో పెళ్లయింది. 1854 తర్వాత కేట్ వేదిక ఎక్కలేదు. అప్పటికి ముప్ఫయ్యేళ్లు కూడా లేవు. పెద్దింటి ఇల్లాలు టిక్కెట్టు కొన్నవాళ్ల ముందు వాయించడం ఆ కాలపు మర్యాదకు సరిపడలేదు.

మనకు తెలియని కథేం కాదిది. పెళ్లిచూపుల్లో ‘ఒక పాట పాడమ్మా’ అని అడిగి, కాపురానికొచ్చాక హార్మోనియాన్ని అటకెక్కించిన ఇళ్లు మన దగ్గరా ఉన్నాయి.

కేట్ మాత్రం పియానో మూత వేయలేదు. 1871 జులై 7న వింపోల్ వీధిలోని ఆమె ఇంట్లో బ్రామ్స్ ‘జర్మన్ రెక్వియమ్’ లండన్‌లో తొలిసారి వినిపించింది. ఆత్మీయులను పోగొట్టుకున్నవారిని ఓదార్చే పెద్ద రచన అది. ఆర్కెస్ట్రా లేదు. గాయకులు పాడుతుంటే కేట్, 78 ఏళ్ల సిప్రియాని పాటర్ ఒకే పియానో ముందు కూర్చుని, నాలుగు చేతులతో ఆర్కెస్ట్రా లేని లోటు తీర్చారు. వేదికకు వెళ్లలేని మనిషి ఇంటికే వేదిక వచ్చిందన్నమాట!

ఆమె 1904లో కన్నుమూసింది. ఆమె పియానో రచనలు ఈమధ్య రికార్డులుగానూ వచ్చాయి.

కీబోర్డు నేర్చుకునే మీ పాపకు ఈ కథ చెప్పండి. చెప్పేముందు, అటక మీది హార్మోనియం పెట్టెను ఒకసారి కిందికి దింపండి. తిత్తి చిరిగి ఉంటే కంగారుపడకండి. బాగుచేసేవాళ్లు ఇంకా ఉన్నారు.