ఇరవై నిమిషాల పాట: గొప్పా, గోలా?

ప్రోగ్రెసివ్ రాక్ వినేవాళ్లు ఇద్దరు ఒకే రూములో పడితే ఇక ఆ రూములో ఎవరికీ నిద్ర ఉండదు. "పింక్ ఫ్లాయిడ్‌లో ఏముందిరా, అన్నీ స్లో పాటలే. యెస్ వాళ్ల వాయింపు విను, తెలుస్తుంది" అంటాడు ఒకడు. "వేళ్లు తిరిగితే సరిపోతుందా, చెప్పడానికి ఏదో ఒకటి ఉండొద్దూ?" అంటాడు రెండోవాడు. నేను రెండోవాడి పక్షం. ఎందుకో చెప్తాను.

ఈ గొడవ కొత్తగా వింటున్నవాళ్లకి రెండు ముక్కలు. 1960ల చివర్లో ఇంగ్లండ్‌లో కొన్ని రాక్ బ్యాండ్లకి మూడు నిమిషాల పాట చాలలేదు. జాజ్ నుంచీ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచీ కొంత తెచ్చుకుని పాటని పెద్దది చేశారు. 1969లో వచ్చిన కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ ఆ దారికి పెద్ద గుర్తు. ఎల్‌పీ రికార్డులో ఒక వైపు ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది కాబట్టి, ఒక్కోసారి ఆ వైపంతా ఒకే పాట. ఆల్బమ్ మొత్తాన్నీ ఒకే కథో, ఒకే ఆలోచనో నడిపిస్తే అది కాన్సెప్ట్ ఆల్బమ్.

మనం ఇంజనీరింగ్ వాళ్లం కదా, కొలవగలిగినదాన్నే గొప్ప అనేస్తాం. పాట ఎన్ని నిమిషాలు, తాళం ఎన్నిసార్లు మారింది, సెకనుకి ఎన్ని నోట్లు! ఇది సంగీతానికి సీజీపీఏ వెయ్యడమే.

1973 నాటి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' తీసుకోండి. అందులో 'మనీ' పాట చాలా భాగం ఏడు లెక్కలో నడుస్తుంది. మిశ్ర చాపు తెలిసిన చెవికి ఏడు కొత్తేమీ కాదనుకోండి. అయినా ఆ పాట కూనిరాగం తీసేవాళ్లలో లెక్కపెట్టేదెవరు? లెక్క కనపడకుండా తన పని తను చేసుకుపోతోంది. నేర్పంటే అదీ. పైగా ఆ ఆల్బమ్‌ని రికార్డుగా తేకముందే, 1972 అంతా స్టేజీ మీద మొత్తంగా వాయిస్తూ సానబెట్టారు.

పొడుగు పాటలంటే నాకు పడదనుకోకండి. కెనడా బ్యాండ్ రష్ 1976లో చేసిన '2112' ఇరవై నిమిషాలు. అంతకుముందు ఆల్బమ్ సరిగ్గా ఆడలేదు, చిన్న పాటలు చెయ్యమని కంపెనీ ఒత్తిడి. వాళ్లు మాత్రం ఒక వైపంతా ఒకే కథ పెట్టారు. పూజారుల పాలనలో ఉన్న లోకంలో ఒకడికి పాత గిటార్ దొరుకుతుంది. అక్కడ మనకి ముందు వినపడేది తీగలు సవరించుకుంటున్న చప్పుడు. మెల్లగా అదే రాగంగా మారుతుంది. ఇంగ్లీషు మాటలు ఒక్కటి అర్థం కాకపోయినా, వాడు ఏదో కనిపెట్టాడని తెలిసిపోతుంది. అక్కడ నిడివికి పని ఉంది.

యెస్ 1973లో తెచ్చిన 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్'కి మూలం పరమహంస యోగానంద ఆత్మకథలోని ఒక ఫుట్‌నోట్. దాని మీద నాలుగు పాటలు, రెండు ఎల్‌పీలు, ఎనభై నిమిషాలు! సరుకు తక్కువ, సాగదీత ఎక్కువ అని వాళ్ల కీబోర్డు వాద్యకారుడు రిక్ వేక్‌మనే అసంతృప్తిపడి 1974లో బయటికి వెళ్లిపోయాడు.

"మరి మన పద్యనాటకం సంగతేంటి? కృష్ణుడు రాగం తీస్తుంటే కథ ఆగిపోతుంది, జనం వన్స్ మోర్ అంటారు" అని మొదటివాడు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ అక్కడ కథ అందరికీ ముందే తెలుసు. జనం వచ్చేదే రాగం కోసం. కాన్సెప్ట్ ఆల్బమ్ అలా కాదు, కొత్త కథ చెప్తానని మాటిచ్చి మొదలెడుతుంది. ఇచ్చిన మాట నిలబెట్టుకుందా అని అడిగే హక్కు మనకుంది.

వాదన మానెయ్యమనను, అది లేకపోతే హాస్టల్ ఏం బాగుంటుంది? కాకపోతే ఈసారి షఫుల్ ఆపి, ఫోన్ పక్కన పెట్టి, ఒక ఆల్బమ్ మొదటినుంచీ చివరిదాకా వినండి. ఏ పాట తీసేస్తే మిగతాది కూలిపోతుందో చూడండి. ఏది తీసేసినా తేడా రాకపోతే అది కాన్సెప్ట్ కాదు, పెద్ద అట్ట మాత్రమే.