జల్లెడలో నిలిచినదెల్ల రాయి కాదు

మాది చంద్రశేఖరపురం. కందులు జల్లించి, చెరిగి, ఏరుకొనడం తెలియని ఇల్లు మా వైపు లేదు. జల్లెడలో నిలిచినదానిని మళ్ళీ చేటలో పోసి కంటితో ఏరితేగాని ఏది గింజో ఏది రాయో తేలదని ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఇంతటి వివేకం గల ఇళ్ళలోనే, గర్భిణి రక్తపరీక్ష కాగితం చేతికందగానే చేట అవసరం లేదనిపిస్తున్నది. ఇది నాకు దుఃఖమూ కోపమూ రెండూ కలిగిస్తున్నది.

నా దగ్గర చదువుకొన్న అమ్మాయి ఒకతె మొన్న మా అరుగు మీదికి రెండు కాగితాలు పట్టుకొని వచ్చింది. మొదటి కానుపునాటి డబుల్ మార్కర్ పరీక్షలో 1:180 అని, ఎర్ర అక్షరాలలో 'హై రిస్క్' అని ఉన్నది. అప్పుడు ఉమ్మనీరు తీసి పరీక్షించారు. క్రోమోజోములు సక్రమంగా ఉన్నాయి. ఆ పిల్లవాడు నేడు బడికి పోతున్నాడు. ఇప్పుడు రెండవ గర్భం. మళ్ళీ అవే ఎర్ర అక్షరాలు, 1:210. "రెండుసార్లూ అదే వచ్చిందంటే దీని రక్తంలోనే దోషముంది, తీయించెయ్యండి" అని అత్తగారి తీర్పు. భర్త నోరు మెదపలేదట. "సారూ, మీరొకసారి చూడండి" అన్నది. తెలుగు పండితుడికి ఇంగ్లీషు కాగితం! అయినా చూచాను, తెలిసిన వైద్యులను అడిగాను.

1:210 అనగా, అటువంటి ఫలితం వచ్చిన 210 మంది తల్లులలో ఒకరి బిడ్డకు 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండవచ్చునని అంచనా. తక్కిన 209 మంది బిడ్డలకు ఆ లోపం ఉండదు. చాలాచోట్ల 1:250 దగ్గర గీత గీస్తారు. ఆ గీత దాటితే ఎర్ర సిరా. ఇది జల్లెడ మాత్రమే. నిర్ధారణ ఉమ్మనీటి పరీక్షదే.

మరి రెండుమార్లూ ఎందుకు వచ్చింది? ఇక్కడే అసలు సంగతి ఉన్నది. పాప్-ఎ, హెచ్.సి.జి. అనే పదార్థాల మోతాదు ఒకే తల్లికి వరుస గర్భాలలో కొంతమేర ఒకే తీరుగా ఉంటుంది. ఒకసారి ఉత్తుత్త భయం పెట్టిన పరీక్ష, అదే తల్లికి మరొకసారి పెట్టే అవకాశం ఇతరులకంటె ఎక్కువ. అనగా రెండవ ఎర్ర సిరా మొదటిదానికి సాక్ష్యం కాదు. పైగా ఇప్పటి వయస్సు కూడ లెక్కలో చేరుతుంది. తల్లికి ఇరవై అయిదేళ్ళప్పుడు సుమారు 1250 కాన్పులకు ఒకటిగా ఉన్న అవకాశం ముప్పయి అయిదేళ్ళకు సుమారు 350కి ఒకటి అవుతుంది.

వారాల లెక్క తప్పినా ఫలితం తప్పుతుంది. మా వైపు నెల తప్పిన తేదీ అడిగితే "వినాయక చవితికి ముందో వెనకో" అంటారు. అందుకే మొదటి స్కానింగులో పిండం పొడవు కొలిచి వారాలు కట్టాలి.

"ఇదంతా డబ్బు గుంజే వ్యాపారం, పరీక్షలే వద్దు" అనే మిత్రులతోనూ నేను ఏకీభవించను. మొదటి బిడ్డకు నిజంగానే డౌన్ సిండ్రోమ్ ఉంటే, రెండవసారి అవకాశం చిన్న వయసు తల్లికి కూడ సుమారు నూటికి ఒకటి. అరుదుగా తల్లిదండ్రుల క్రోమోజోముల అమరికే కారణమైతే అంతకంటె ఎక్కువ. మొదటి కానుపు బాగున్నదని రెండవసారి పరీక్ష మానుకొనడమూ అవివేకమే. పాప్-ఎ బాగా తక్కువైతే, క్రోమోజోములు సరిగా ఉన్నా, బిడ్డ ఎదుగుదలను కనిపెట్టి ఉండాలని కూడ వైద్యులు చెప్తారు.

నా కోపం పరీక్ష మీద కాదు, దానిని విప్పి చెప్పని నోళ్ళ మీద. 'హై రిస్క్' అన్నదానిని 'లోపం ఉంది' అని తెనిగించినదెవరు? 'ముప్పు' అనవచ్చును. ముప్పు శంక, లోపం నిర్ణయం. ఈ తేడా తెలియని విద్యార్థికి నేను సున్న వేసేవాణ్ణి. 2021 చట్టసవరణ తరువాత గర్భస్రావపు గడువు కొన్ని వర్గాలకు 24 వారాలదాకా, తీవ్ర లోపం ఉన్నదని వైద్యమండలి నిర్ధారిస్తే అంతకు మించీ ఉన్నది. నిర్ధారించుకొనేందుకు వ్యవధి ఉన్నదన్నమాట. మరి ఈ తొందర ఎవరికోసం?

ఆ అమ్మాయి పదహారో వారంలో ఉమ్మనీటి పరీక్షకు గుంటూరు పోతున్నది. మొదటి కాగితం కూడ వెంట తీసుకుపొమ్మన్నాను. అత్తగారితో నేనే వెళ్ళి మాట్లాడి వచ్చాను. ఆమె సగం విన్నది.

మిత్రులలో వైద్యులున్నారు. అరపేజీ, సులభమైన తెలుగులో, ఈ అంకెల అర్థం వ్రాసి పంపండి. తప్పులు నేను దిద్దుతాను, కనిగిరిలో అచ్చు వేయించి ఇక్కడ గడపగడపకూ నేనే ఇచ్చి వస్తాను.