వెళ్ళే దారి అందరూ చెబుతారు, వచ్చే దారో?

పిల్లాడు స్టేడియంలో మ్యాచ్ చూస్తానంటే మన ఇళ్ళల్లో ముందు వచ్చే మాట "నాన్నతో వెళ్ళు" అనే. ఆ మాట నాకు నచ్చదు. మట్టి కొట్టుకుపోయిన బూట్లు కడిగేదీ, కొట్టుకుపోయిన మోకాలికి పసుపు అద్దేదీ అమ్మే కదా. ఆట చూడ్డానికి మాత్రం అమ్మ ఎందుకు పనికిరాదు?

2024 నవంబరు 18న గచ్చిబౌలిలో భారత్, మలేసియా ఫుట్‌బాల్ మ్యాచ్‌కి తాడేపల్లిగూడెం నుంచి నేనూ మా వాడూ వెళ్ళాం. ఆ రోజు కార్తీక సోమవారం. "ఉపవాసం నాడు బంతాటేమిటే?" అన్నారు అత్తయ్యగారు. "చుక్కలు చూశాకే కదా భోజనం, స్టేడియంలో ఆకాశం బాగా కనిపిస్తుంది లెండి" అన్నాను. నవ్వేసి ఊరుకున్నారు.

మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. అలవాటు కొద్దీ సికింద్రాబాదులో దిగిపోకండి. అక్కణ్ణించి గచ్చిబౌలికి ఊరంతా దాటాలి. మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్ళినా, మళ్ళీ ఆటో ఎక్కాల్సిందే. గూడెంలోనో ఏలూరులోనో రాత్రి గౌతమి ఎక్కితే పొద్దున్నే లింగంపల్లిలో దిగొచ్చు. స్టేడియం అక్కడికి 10 కిలోమీటర్ల లోపే. బండ్ల వేళలు మారుతుంటాయి, టికెట్టు కొనేముందు చూసుకోండి.

ఆ స్టేడియం పేరు జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. మన కోనసీమ బిడ్డ, లోక్‌సభ స్పీకరుగా ఉండగానే 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ హెలికాప్టర్ పడింది కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో, మన కొల్లేటి చెరువుల మధ్యనే. గేటు మీద ఆ పేరు చూపించి ఈ సంగతి చెబితే మా వాడు కాసేపు మాట్లాడలేదు. ఎక్కడో ఉన్న స్టేడియం కాస్త మనదైంది.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మలేసియా ముందు గోలు కొట్టింది. రాహుల్ భేకే తలతో కొట్టి సమం చేశాడు. 1-1తో అయిపోయింది. ఆ గోలుకి మా వాడికంటే నేనే ఎక్కువ అరిచాను.

అసలు చిక్కు ఆ తర్వాతే. రాత్రి ఏడున్నరకి మొదలైన ఆట అయ్యేసరికి తొమ్మిదిన్నర. వేల మంది ఒకేసారి రోడ్డు మీద పడతారు. యాప్‌లో కారు ధర రెట్టింపు, ఆటో అడిగితే మూడింతలు. చందానగర్‌లో మా పిన్ని కూతురు ఇల్లు ఉంది కాబట్టి సరిపోయింది. పడుకుని తెల్లారి జన్మభూమి ఎక్కేశాం. ఆ ఇల్లే లేకపోతే? రాత్రి బండి అందుతుందని ధైర్యం చేయలేం, పిల్లాణ్ణి పెట్టుకుని స్టేషన్లో తెల్లవార్లూ కూర్చోలేం.

ఆడవాళ్ళు స్టేడియాలకి రాకపోవడానికి ఆట మీద ఇష్టం లేకపోవడం కారణమని నేనొప్పుకోను. ఇంట్లో టీవీ ముందు కూర్చుని చూసేవాళ్ళు ఎంతమంది లేరు? నిజామాబాద్ అమ్మాయి సౌమ్య గుగులోత్ భారత జట్టుకే ఆడుతోంది. మనల్ని ఆపేది ఆట కాదు, తిరుగు దారి. ఏ గేటులోంచి లోపలికెళ్ళాలో టికెట్టు మీదే ఉంటుంది. పది గంటలకి ఎక్కడ బస్సు దొరుకుతుందో, శుభ్రమైన బాత్రూం ఎక్కడుందో ఎక్కడా ఉండదు. ఆట అయ్యాక లింగంపల్లికీ, రాయదుర్గం మెట్రోకీ నాలుగు బస్సులు నిలబెట్టడం కొండను తవ్వడమా?

హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఐఎస్ఎల్ గెలిచిన జట్టు. 2025లో ఢిల్లీకి తరలిపోయింది. దాని వెనక డబ్బు లెక్కలేవో ఉంటాయి, వాటి జోలికి నేను పోను. కానీ ఇంటిల్లిపాదీ వచ్చే చోటే ఏ ఆటైనా నాలుగు కాలాలు నిలుస్తుంది. తిరునాళ్ళు నిలిచింది అందుకే కదా.

నిర్వాహకులు మారేదాకా మన జాగ్రత్త మనదే. రాత్రి బస ముందు చూసుకుని, ఆ తర్వాతే టికెట్టు కొనండి. చిన్న సంచీ చాలు, బయటి తిండీ నీళ్ళ సీసాలూ సాధారణంగా లోపలికి రానివ్వరు. ఒక్కరే కాకుండా ఇద్దరు ముగ్గురు తల్లులు కలిసి వెళితే కారు ఖర్చూ తగ్గుతుంది, ధైర్యమూ ఉంటుంది. ఈసారి మీ పిల్లాడో, పిల్లో అడిగితే "నాన్నతో వెళ్ళు" అనకండి. "పద, నేనూ వస్తా" అనండి.